అప్‌డేట్: బాబు గోళ్లు ఊడుడు – కారణం తెలిసింది

మా నాలుగేండ్ల బాబుకు చేతి గోళ్లు మొదలుకాడ అడ్డంగ చీలి, నొప్పి లేకుండనే ఊడిపోతున్నయని ఇక్కడ అడిగిన కదా. జవాబిచ్చినోళ్లందరికీ థ్యాంక్స్. హనుమకొండల పిల్లల డాక్టర్‌కు చూపించినం.

"నెల కింద జరమొచ్చి నోట్లె పుండ్లయినయా?" అని ఒక అక్క అడిగింది చూడుండ్రి, సరిగ్గ అదే. డాక్టర్ కూడా గోళ్లు చూసుడుతోనే ఆ ముచ్చటే అడిగిండు. వానలప్పుడు ప్లేస్కూల్ల శానమంది పిల్లలకు అరచేతులు, అరికాళ్ల మీద పొక్కులొచ్చినయి; తల్లి పోసిందని మా అత్తమ్మ వేపాకులు కూడా కట్టింది. అది హ్యాండ్ ఫుట్ మౌత్ అట, కాక్సాకీ లాంటి వైరస్‌లతోని వస్తది. ఆ జబ్బప్పుడు గోరు పుట్టే కాడ పెరుగుడు కొన్ని రోజులు ఆగుతదట. మళ్ల కొత్త గోరు తోసుకొచ్చేసరికి పాతది లేస్తది. ఇది చాలా వారాల తర్వాత బయటపడుతది, అందుకే పాత జరం ఎవ్వరికీ యాదికి రాదు.

కాల్షియం సిరప్, ఫంగస్ క్రీమ్ రెండూ అక్కర్లేదన్నడు. పసుపు ముద్ద సంగతి అడిగితే నవ్విండు. లేచిన గోరు గుంజొద్దు, చివర కత్తిరించి బ్యాండెయిడ్ పెడితె చాలు. ఎర్రగ వాచి చీము వడితేనే మళ్ల రమ్మన్నడు. చేతిగోళ్లు నెలకు దాదాపు 3 మి.మీ. పెరుగుతయి కాబట్టి పూర్తిగ వచ్చేటందుకు కొన్ని నెలలు పడుతదట, కాలిగోళ్లకు ఇంకా ఎక్కువ. మావోనికి బొటనవేలికి సగం దాక కొత్త గోరొచ్చింది.