ఎండాకాలం లాన్‌కి రోజూ కొంచెం నీళ్లా, వారానికి రెండుసార్లు నిండుగానా?

పటమట_పెరడు:
విజయవాడలో ఇంటి ముందు 20 అడుగులు × 15 అడుగుల లాన్, మెక్సికన్ గడ్డి. నర్సరీ వాళ్లు రోజూ తడపమంటారు. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ‘వారానికి రెండుసార్లు నిండుగా పెట్టండి, వేళ్లు లోతుకి దిగుతాయి’ అని ఉంటుంది. ఏప్రిల్ దాటాక మన ఎండలకి ఏది పనికొస్తుంది? ఉన్నది బోరు నీళ్లే, కాస్త ఉప్పన.

నల్లరేగడి_గుంటూరు:
రెండుసార్లే, ఇందులో చర్చించేదేముంది? రోజూ సాయంత్రం పైపు పట్టుకుని పది నిమిషాలు చిలకరిస్తే అంగుళం లోతు కూడా తడవదు. వేళ్లు కూడా ఆ అంగుళంలోనే తిరుగుతుంటాయి. ఒక్కరోజు మోటారు మొరాయిస్తే మర్నాటికి గడ్డి ముడుచుకుపోతుంది.

చదరపు మీటరుకి లీటరు నీళ్లు పోస్తే 1 మి.మీ. వాన పడినట్టు. మీ 300 చదరపు అడుగులు దాదాపు 28 చదరపు మీటర్లు. మే నెలలో ఈ రకం గడ్డికి రోజుకి 4 నుంచి 5 మి.మీ. కావాలి. వారానికి 30 మి.మీ. అనుకోండి, 840 లీటర్లు. విడతకి 420. మీ పైపు ధార ఎంతో తెలియకపోతే 20 లీటర్ల పెయింటు బకెట్ పెట్టి టైము చూడండి. రెండు నిమిషాల్లో నిండితే విడతకి 42 నిమిషాలు. తెల్లవారుజామున 4 నుంచి 6 లోపు ముగించాలి.

తాడేపల్లి_తోటమాలి:
లెక్క బాగానే ఉందన్నా, ఆ నీళ్లు నిలవడానికి కింద మట్టుండాలిగా? కొత్త ఇళ్ల ముందు ఉండేది పునాది తవ్విన మట్టి, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు. పైన నాలుగంగుళాల ఎర్ర గ్రావెల్, దానిమీద గడ్డి పరిచేస్తారు. ఆ గ్రావెల్ సెంటీమీటరు మందానికి 1 నుంచి 1.5 మి.మీ. నీటిని పట్టి ఉంచుతుంది. అంటే మొత్తం కలిపి 10 నుంచి 15 మి.మీ. అందులో సగం అయిపోయేసరికే గడ్డి వాడుముఖం పడుతుంది. ఒకేసారి 420 లీటర్లు పోస్తే చాలాభాగం రాళ్ల సందుల్లోంచి కిందికి జారుతుంది, తర్వాత రెండు రోజులు గడ్డికి పస్తే. అలాంటి నేలకి రోజు విడిచి రోజు 250 లీటర్లు. వారానికి 875, మీ లెక్కకి దగ్గర్లోనే ఉంది, వృథా తక్కువ.

పటమట గారూ, ముందు ఓ పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకోండి. తడిపిన మర్నాడు ఐదారు చోట్ల గుచ్చండి. ఏడెనిమిది అంగుళాలు మెత్తగా దిగితే నల్లరేగడి గారి మాట. నాలుగంగుళాల దగ్గర టక్కుమని ఆగితే నా మాట.

నల్లరేగడి_గుంటూరు:
గ్రావెల్ సంగతి ఒప్పుకుంటా, ప్రశ్నలో లేదు కాబట్టి మంచి నేలే అనుకున్నా. రేగడి అయితే వేరే తిప్పలు. అడుగు లోతు వేళ్లున్న గడ్డికి వారం దాకా ఆగే తడి అందులో ఉంటుంది, కానీ తడి ఎక్కించడమే కష్టం. బీటలు వేశాక నిండుగా పెడితే నీళ్లన్నీ బీటల్లోంచి అడుక్కి పోతాయి, పక్కనున్న గడ్డలు పొడిగానే ఉంటాయి. బాగా చివికిన పశువుల ఎరువు జల్లెడ పట్టి బీటల్లోకి చీపురుతో ఊడ్చండి. ముందు పది నిమిషాలు పలచగా తడిపి కట్టేసి, అరగంట ఆగండి. మట్టి ఉబ్బి బీట దగ్గరపడుతుంది. అప్పుడు రెండో విడత, అవసరమైతే మూడోది. ఎవరో ఒకరు ఇసుక కలపమంటారు, వినకండి. రేగడిలో నాలుగు తట్టల ఇసుక కలిపితే నేల ఇటుకలా బిగుస్తుంది.

రోహిణి_కార్తె:
రోహిణికి రోళ్లే పగులుతాయి, గడ్డి మాత్రం పచ్చగా ఉండాలా? గరికని వదిలేస్తే గోధుమరంగుకి తిరిగి పడుకుంటుంది, చావదు. నేలలోని దుంప తీగ బతికే ఉంటుంది. రెండు మూడు వారాలకోసారి 10 మి.మీ., అంటే మీ స్థలానికి 280 లీటర్లు చాలు. తొలకరి పడ్డాక పది పదిహేను రోజుల్లో మళ్లీ లేస్తుంది. పడుకున్నన్నాళ్లు దాన్ని తొక్కకూడదు, కొయ్యకూడదు, యూరియా వెయ్యకూడదు, స్కూటర్ ఎక్కించకూడదు. పరిచేముందే గరిక ఎంచుకుంటే ఈ చర్చే ఉండేది కాదు.

తాడేపల్లి_తోటమాలి:
గరికకి సరే. ఆయనది మెక్సికన్. అదీ పడుకోగలదు, కానీ ఎదుగుదల నెమ్మది. పలచటి గ్రావెల్ మీద మచ్చలు మచ్చలుగా పోయిందంటే ఆ ఖాళీలు పూడటానికి వర్షాకాలమంతా పడుతుంది. ఈలోపు తుంగ ఆక్రమిస్తుంది. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ నేలలో ఉండి మళ్లీ మొలుస్తుంది.

వన్‌టౌన్_కుర్రాడు:
ప్లాస్టిక్ గడ్డి పరిచేస్తే పోలా?

రోహిణి_కార్తె:
మే నెల మిట్టమధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా నిలబడు తమ్ముడూ. 60 డిగ్రీలు దాటుతుంది.

ఉప్పుబోరు:
అసలు సమస్య అందరూ దాటేశారు. ఉప్పు నీళ్లు రోజూ పైపైన చిలకరిస్తే నీరు ఆవిరై ఉప్పు పైన మిగులుతుంది. ఆకు కొసలు ఎండుతాయి, నేల మీద తెల్ల పొర కడుతుంది. ఎరువు తగ్గిందనుకుని యూరియా వేస్తారు, నేలలో అదీ ఉప్పులాగే పనిచేస్తుంది కాబట్టి ఇంకా మాడుతుంది. నీళ్లలో కరిగిన లవణాలని కొలిచే చిన్న టీడీఎస్ మీటరుతో చూడండి. లీటరుకి 450 మిల్లీగ్రాముల లోపు దిగుల్లేదు. 2000 దాటితే ఆ నీళ్లతో లాన్ పెంచొద్దు. మధ్యలో ఉంటే అప్పుడప్పుడు అవసరానికి మించి పెట్టి ఉప్పుని కిందికి కడగాలి. ఆర్‌ఓ మిషను వదిలేసే నీళ్లు అసలే వద్దు.

పటమట_పెరడు:
గుచ్చి చూశాను. ఆరు చోట్లలో ఐదింట నాలుగంగుళాల దగ్గరే ఆగింది. టీడీఎస్ 1400.

తాడేపల్లి_తోటమాలి:
అయితే రోజు విడిచి రోజు 250 లీటర్లు, ప్రతి నాలుగో విడత 500. మీ రాళ్ల నేల ఇక్కడ కలిసొస్తుంది, కడిగిన ఉప్పు నిలవకుండా దిగిపోతుంది. అడుగు వేస్తే గడ్డి లేవకుండా అచ్చు మిగిలినా, రంగు నీలి బూడిదకి తిరిగినా ఆ రోజే పెట్టెయ్యండి, వంతు కోసం చూడొద్దు. కోత బ్లేడు రెండంగుళాలకి లేపండి, ఒకసారికి మూడో వంతు మించి కొయ్యకండి. వానలు కుదురుకున్నాక 300 గ్రాముల యూరియా, ఆకులు పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే తడపండి.

నల్లరేగడి_గుంటూరు:
ఒకటి మర్చిపోయారు. అలా సాయంత్రం పెట్టాల్సి వస్తే, పగలంతా ఎండలో పడున్న పైపులో మొదటి నీళ్లు చెయ్యి కాలేలా వస్తాయి. అవి బకెట్‌లోకి పట్టి, ధార చల్లబడ్డాకే పైపు లాన్ మీదికి తిప్పండి.