పదకొండేళ్ల పిల్లాడికి కొలెస్ట్రాల్ పరీక్ష చేయించాలా?

బెజవాడ అమ్మ:
రెండు నెలల కింద మా బావగారికి, అంటే మా వారి అన్నయ్యకు, గుండెపోటు వచ్చింది. వయసు 39. సిగరెట్ లేదు, షుగర్ లేదు. స్టెంట్ వేశారు, కోలుకుంటున్నారు. మొన్న మా బాబుకి చేతుల మీద దద్దుర్లు వస్తే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మాటల్లో ఈ సంగతి చెబితే, వీడికోసారి లిపిడ్ ప్రొఫైల్, అదే కొలెస్ట్రాల్ రక్తపరీక్ష, తీయించమని రాసిచ్చారు. వాడికి 11 ఏళ్లు, సన్నగా రివటలా ఉంటాడు. ఇంటికొచ్చి చెప్పగానే మా అత్తయ్యగారు "పసివాడికి కొలెస్ట్రాల్ ఏంటమ్మా, సూదులు పొడిపించి బెదరగొట్టకు" అన్నారు. ఆ చీటీ మూడు వారాలుగా ఫ్రిజ్ మీదే ఉంది. రోజూ దాన్ని చూసి టెన్షన్ పడటమే సరిపోతోంది. తీయించాలా, పెద్దయ్యేదాకా ఆగాలా?

రిటైర్డ్ ఫార్మసిస్టు, తెనాలి:
అమ్మా, 34 ఏళ్లు మందుల షాపులో పనిచేసినవాడిగా చెబుతున్నాను, తొందరపడకు. 9 నుంచి 11 ఏళ్ల మధ్య పిల్లలందరికీ కొలెస్ట్రాల్ చూడాలని అమెరికాలో 2011లో నిపుణుల బృందం చెప్పింది. అదే అమెరికాలో రోగనివారణ టాస్క్‌ఫోర్స్ 2023లో లెక్కలన్నీ చూసి, అందరికీ చేయాలనడానికీ వద్దనడానికీ చాలినంత ఆధారం లేదంది. మన కార్డియాలజీ సొసైటీ 2024లో మొదటి పరీక్ష 18 ఏళ్లకు అంది. ఒక అంకె కాస్త ఎక్కువ వస్తే చాలు, ఆ పిల్లాణ్ణి ఇంటిల్లిపాదీ రోగిలా చూస్తారు. ఆటలు మాన్పించేస్తారు. ఇది నా కళ్లతో చూశాను. సరైన తిండి, ఆట, నిద్ర, ఈ మూడూ ఉంటే చాలు.

ల్యాబ్‌లో పని, కరీంనగర్:
అంకుల్ గారూ, మీరు చెప్పింది నిజమే గానీ సగమే చెప్పారు. ఆ 2024 సిఫార్సులోనే, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే 18 దాకా ఆగకుండా ముందే చూడమని ఉంది. మగవాళ్లకు 55 లోపు, ఆడవాళ్లకు 65 లోపు వస్తే పిల్లల డాక్టర్లు దాన్ని చిన్న వయసు కిందే లెక్కేస్తారు. అమ్మానాన్నలే కాదు, తాత, అమ్మమ్మ, పెదనాన్న, మేనత్త, అందరూ ఆ లెక్కలోకి వస్తారు. 39 ఏళ్ల పెదనాన్న ఉన్న బాబు "అందరు పిల్లల్లో" ఒకడు కాడు.

ఇంకో సంగతి అక్కా. పొద్దున్నే ఏమీ పెట్టకుండా తీసుకొస్తారు, నీరసానికి సగం, భయానికి సగం ఏడుస్తారు పిల్లలు. మొదటిసారి చూడటానికి పరగడుపు అక్కర్లేదు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి మంచి కొలెస్ట్రాల్ తీసేస్తే వచ్చే అంకె తిన్నాక కూడా పనికొస్తుంది. అది తేడాగా ఉంటేనే మళ్లీ పరగడుపున తీస్తాం. యుక్తవయసు మొదలయ్యాక కొన్నేళ్లు కొలెస్ట్రాల్ దానంతటదే కొంచెం దిగుతుంది, అప్పుడు చూస్తే ఉన్నది కూడా కనపడకపోవచ్చు. 11 అంటే సరైన వయసే.

ఒక్కటి అడుగుతాను. స్టెంట్ వేసినప్పుడు మీ బావగారి ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, ఎంత? మీ వారు ఎప్పుడైనా చూపించుకున్నారా? అసలు మొదలుపెట్టాల్సింది అక్కణ్ణుంచి.

మేనత్తని, నంద్యాల వైపు:
నా మేనకోడలి సంగతి చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మా అన్నయ్య మా మేనత్త కూతుర్నే చేసుకున్నాడు. మేనరికం మా ఇళ్లలో మామూలే. పాపకు ఆరేళ్లప్పుడు మోకాళ్ల మీద, మోచేతుల దగ్గర పసుపు రంగు బుడిపెలు లేచాయి. శనగబద్దంత ఉండేవి, నొక్కితే నొప్పి లేదు. వేళ్ల సందుల్లో కూడా చర్మం పసుపుగా ఉబ్బింది. ఒక డాక్టరు పులిపిర్లన్నారు, ఏడాది పాటు పూత మందు రాశాం. ఇంకొకరు చూడగానే రక్తపరీక్ష రాశారు. ఎల్‌డీఎల్ 540! పిల్లల్లో 110 లోపు ఉండాలి, 130 దాటితే ఎక్కువ. పాప బరువేమో 19 కిలోలు.

ఆ రోజు మా వదినను అందరూ అన్న మాటలు నేను మర్చిపోలేను. నూనెలో వేయించి పెట్టావు, చిప్స్ కొనిచ్చావు అని. తప్పు తిండిది కాదు. ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి లాగేసే పని కాలేయానిది. ఆ పని చేసే జన్యువు పాడైతే పుట్టుకతోనే కొలెస్ట్రాల్ పేరుకుంటుంది. దీన్ని ఎఫ్‌హెచ్ అంటారు. ఇంచుమించు 250 - 300 మందిలో ఒకరికి అమ్మానాన్నల్లో ఒక్క వైపు నుంచి వస్తుంది. రెండు వైపుల నుంచీ రావడం చాలా అరుదు, మా పాపకు అదే వచ్చింది. మా తాతగారు 41 ఏళ్లకే పొలంలో కుప్పకూలిపోయారు. ఆయన నుంచి మా నాన్నకు, మేనత్తకు, వాళ్ల నుంచి అన్నయ్యకు, వదినకు వచ్చింది. ఇద్దరికీ 200 దాటి ఉంది, ఇద్దరికీ అప్పటిదాకా తెలియదు. నాకు మామూలుగా ఉంది. వచ్చే అవకాశం సగం సగం, నేను తప్పించుకున్నాను. పాప అన్న, 11 ఏళ్ల బాబు, వాడికి 214.

మందులంటే అన్నయ్యకు చాలా భయం. నెదర్లాండ్స్‌లో ఒక్క వైపు నుంచి ఈ జన్యువు వచ్చిన 214 మంది పిల్లలకు చిన్నప్పుడే స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మందు మొదలుపెట్టి 20 ఏళ్లు చూశారని డాక్టరు చెప్పాకే ఒప్పుకున్నాడు. 39 ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో నూటికి ఒకరికే గుండెపోటు లాంటిది వచ్చింది. వాళ్ల అమ్మానాన్నల్లో అదే జన్యువు ఉన్నవాళ్లకు చిన్నప్పుడు ఆ మందు దొరకలేదు, వాళ్లలో అదే వయసుకు నూటికి 26 మందికి వచ్చింది. బాబు ఇప్పుడు రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకుని స్కూల్ కబడ్డీ జట్టులో ఆడుతున్నాడు. పాపకు రెండు రకాల మందులు, గుండె కవాటం కోసం ఏటా ఎకో, అంటే గుండె స్కానింగ్.

పూత మందుతో పోయిన ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మీ చేతిలో చీటీ ఉందమ్మా. తీయించండి.

పీఈటీ మాష్టారు, ఒంగోలు:
ఆ కుటుంబాల మాట వేరు, ఒప్పుకుంటాను. మిగతా పిల్లల సంగతి కూడా చూడండి. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా బడిలో తొమ్మిదో తరగతికి వారంలో రెండు ఆటల పీరియడ్లు, వాటిలో ఒకటి లెక్కల సారు తీసుకుంటారు. రక్తం తీయడానికి ముందు ఆ పీరియడ్ తిరిగి ఇప్పించండి.

డాలస్ నుంచి:
మా పాపకు పదేళ్లప్పుడు ఇక్కడ మామూలుగానే చేశారు, మేం అడగలేదు. ఎల్‌డీఎల్ 118 వచ్చింది, కొంచెం ఎక్కువ. నేను హడలిపోయి నెయ్యి, గుడ్డు, పెరుగు కూడా కొలిచి పెట్టడం మొదలుపెట్టాను. నాలుగు నెలలకు పాప బిస్కెట్లు పరుపు కింద దాచుకుని తినడం కనపడింది. డాక్టరు నన్నే మందలించారు. అందరం ఒకే కూర తిందాం, సాయంత్రం కలిసి నడుద్దాం అనుకున్నాం. ఏడాదికి 104. ఫార్మసిస్టు గారి భయం ఉత్తది కాదు, అందుకే రాస్తున్నాను. పరీక్ష చేయించండి. అంకెను మాత్రం అన్నం దగ్గరకు తీసుకురావద్దు.

రిటైర్డ్ ఫార్మసిస్టు, తెనాలి:
నంద్యాల అమ్మాయి రాసింది రెండుసార్లు చదివాను. అందరు పిల్లలకూ చేయాలంటే నేనిప్పటికీ ఒప్పుకోను. ఈ బాబు విషయంలో మాత్రం నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చేయించు తల్లీ.

బెజవాడ అమ్మ:
ల్యాబ్ తమ్ముడూ, నువ్వడిగాక మా తోడికోడలికి ఫోన్ చేసి ఆస్పత్రి ఫైలు చూడమన్నాను. బావగారి ఎల్‌డీఎల్ 232 అట. వాళ్లకిద్దరు ఆడపిల్లలు, 14, 9. మా బాబు గురించే ఆలోచించాను గానీ, ఆ పిల్లల సంగతి ఇంట్లో ఎవరం అనుకోలేదు. తను ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నేనూ తీసుకొస్తాను" అంది. మా వారు 36 ఏళ్లలో ఒక్కసారీ చూపించుకోలేదు. శనివారం టిఫిన్ చేసి అందరం కలిసి వెళ్తున్నాం. పిల్లలు చూస్తుండగా ముందు ఆయనే చెయ్యి చాపుతానన్నారు. అత్తయ్యగారు కూడా వస్తామంటున్నారు.