కణాలు పెట్టకుండానే తలకు కోత: పార్కిన్సన్స్ పరీక్షల్లో ఉత్తుత్తి శస్త్రచికిత్స న్యాయమేనా?

తెనాలి అమ్మాయి:
మా నాన్నగారికి పార్కిన్సన్స్ వచ్చి పదకొండేళ్లు. మాత్ర బలం రెండు గంటలే. ఆ తర్వాత కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. పిండ మూలకణాల (ఏ కణంగానైనా మారగల తొలి కణాల) నుంచి పెంచిన, కదలికలకు కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలను మెదడులో నాటే మూడో దశ పరీక్ష అమెరికాలో మొదలైందని చదివాను. సుమారు 102 మంది రోగులట. వారిలో కొందరికి అంతా జరిగినట్టే ఉంటుంది, కణాలు మాత్రం పెట్టరు. తమకు ఏది జరిగిందో వారికీ చెప్పరు. వణికే మనిషి తలకు కోత పెట్టి ఉత్తచేతులతో పంపడం ఏ వైద్యధర్మం? ఇలాంటి కణాలే నాటిన జపాన్ వారు ఇలా చేయలేదే!

లెక్కల మాస్టారు:
అమ్మా, ఈ జబ్బులో ఆశ కూడా మందులా పనిచేస్తుంది. మందు అందిందన్న నమ్మకంతోనే రోగుల మెదడులో డోపమైన్ విడుదలవుతుందని వాంకూవర్ పరిశోధకులు 2001లో స్కానింగ్ చేసి చూపించారు. చిక్కంతా అక్కడే ఉంది.

అదే ఏడాది అమెరికాలో 40 మందితో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. 20 మందికి గర్భస్థ పిండాల కణజాలం నాటారు. మిగతా 20 మందికి పుర్రెకు రంధ్రాలు చేశారు కానీ మెదడు పొర జోలికి పోలేదు. ఏడాది తర్వాత ఎలా ఉందని అడిగితే రెండు జట్ల జవాబుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 60 ఏళ్లలోపు వారి కదలికలు మాత్రం కొంత మెరుగయ్యాయి. కణజాలం పొందినవారిలో 15 శాతం మందికి, మందు తగ్గించినా ఆగని వంకర కదలికలు తర్వాత పట్టుకున్నాయి. ఇంకో విచిత్రం: తమకు కణాలు అందాయని నమ్మినవారు, నిజంగా అందకపోయినా, బతుకు బాగుపడిందన్నారు. రెండో జట్టే లేకపోతే ఈ సంగతి బయటపడేదా?

పాత పాఠకుడు:
మాస్టారూ, ఆ పరీక్షను తిరుగులేని తీర్పుగా చూపకండి. స్వీడన్‌లోని లండ్‌లో 1987 నుంచి ఈ పని చేసినవారి అనుభవం వేరు. నాటిన కణాలు ఎదిగి పనిలోకి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఏడాదికే లెక్క తేల్చడమంటే నాట్లు వేసిన నెలకే కొడవలి పట్టుకుని పొలానికి వెళ్లడం. ఆ తొందర ఈ రంగాన్ని ఏళ్ల తరబడి వెనక్కి నెట్టింది. కణాలు బతికాయో లేదో స్కానింగే చెబుతున్నప్పుడు తలకు రంధ్రాలెందుకు?

లెక్కల మాస్టారు:
గడువు విషయంలో మీరన్నది నిజం. స్కానింగ్ విషయంలో కాదు. ఆ పరీక్షలోనే 20 మందిలో 17 మందికి కణాలు నాటుకుని నరాల పోగులు చాచాయని స్కానింగ్‌లో కనిపించింది. అయినా మనిషికి తేడా తెలియలేదు. ఇక జపాన్ సంగతి. 2025లో క్యోటో విశ్వవిద్యాలయం ప్రకటించిన ఫలితాల్లో ఏడుగురికి కణాలు నాటారు, ఆరుగురి కదలికలు కొలిచారు, నలుగురిలో మెరుగు కనిపించింది. రెండేళ్లలో తీవ్రమైన హాని ఏదీ లేదు. సంతోషమే. కానీ అది కణం మహిమా, నమ్మకం మహిమా అని అడిగితే ఏం చెబుతాం?

ఫిజియో అన్న:
మీరు అమెరికా గురించి పోట్లాడుకుంటున్నారు. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన ఎకరం అమ్మి, తుంటి ఎముకలోంచి తీసిన మజ్జ కణాలను వెన్నులోకి ఎక్కించుకున్నారు. నెల రోజులు చకచకా నడిచారు. మూడో నెలకు మళ్లీ చేతికర్రే. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తవ్యాధుల వంటి కొన్నింటికి తప్ప, మూలకణాలను అనుమతి పొందిన పరిశోధనలోనే వాడాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆయన చేతిలో రసీదు ఉంది. ఉత్తుత్తి చికిత్స మన దగ్గరా జరుగుతోందమ్మా, కాకపోతే ముందుగా చెప్పరు.

తెనాలి అమ్మాయి:
మాకూ అలాంటి ఫోను ఒకటి వచ్చింది, అన్నా. వెళ్లడం లేదు. రెండో జట్టు అవసరమని మాస్టారి మాటతో సగం దిగివచ్చాను. కానీ గడువు ముగిశాక వారికీ నిజమైన కణాలు ఇస్తామన్న హామీ ఉండాలి. 2001 నాటి పరీక్షలో అలా అవకాశమిస్తే 20 మందిలో 14 మంది మళ్లీ బల్ల ఎక్కారట.

ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. "ఏ జట్టులో పడినా వెళ్తానమ్మా, కొన్నేళ్లపాటు ఎవరో ఒకరు నా నడక చూస్తారుగా" అన్నారు. దీన్ని సమ్మతి అంటారా, మాస్టారూ?