పెరోల్ గడువు దాటితే, షరతు తప్పితే ఏమవుతుంది? అనుభవం ఉన్నవారు చెప్పండి

గోదావరి అక్క:
మా తమ్ముడు రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో జీవిత ఖైదు అనుభవిస్తున్నాడు. అమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయితే పెరోల్ మీద ఇంటికి వచ్చాడు. ఎల్లుండి సాయంత్రానికి మళ్లీ లోపల ఉండాలి. ఇంతలో కుట్ల దగ్గర చీము పట్టి అమ్మను తిరిగి ఆసుపత్రిలో చేర్చాం. "నాలుగు రోజులు ఆగి వెళ్తే కొంపలేమీ మునగవు, తల్లికి బాగాలేదంటే వాళ్లు మాత్రం మనుషులు కారా" అని మా పెదనాన్న అంటున్నారు. తమ్ముడి మనసూ అటే లాగుతోంది. పూచీకత్తు సంతకాలు నావి, మా బావగారివి. నిజంగా ఏమవుతుందో చెప్పండి, చేతులు జోడించి అడుగుతున్నాను.

పాలమూరు నరసింహ:
అక్కా, దయచేసి ఆ మాట వినకండి. మా అన్న చెల్లెలి పెళ్లికి పెరోల్ మీద వచ్చి, అప్పగింతలు అయ్యాక వెళ్తానని ఆగిపోయాడు. వారం దాటింది. ఒకరోజు తెల్లవారకముందే పోలీసులు వచ్చి, కొత్త అల్లుడి చుట్టాలు ఇంట్లో ఉండగానే తీసుకెళ్లారు. వారెంటు చూపించమని మా నాన్న అడిగితే, దీనికి వారెంటు అక్కరలేదని ఎస్ఐ చెప్పారు. తర్వాత విచారిస్తే అది నిజమేనని తెలిసింది. చెల్లెలు అత్తవారింట్లో తలెత్తుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ తర్వాత నాన్న పోయినప్పుడు అన్నకు పెరోల్ రాలేదు. పోలీసు బందోబస్తు మధ్య వచ్చి, తలకొరివి పెట్టి, అటునుంచి అటే వెళ్లిపోయాడు.

ఓరుగల్లు వకీలు:
నరసింహ గారికి ఎస్ఐ చెప్పింది సరైనదే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 473వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 432) ప్రకారం, షరతు మీద శిక్ష నిలిపివేసినప్పుడు ఆ షరతు నెరవేరలేదని ప్రభుత్వం భావిస్తే నిలిపివేతను రద్దు చేయవచ్చు. అప్పుడు ఏ పోలీసు అధికారైనా వారెంటు లేకుండానే అరెస్టు చేసి, మిగిలిన శిక్ష అనుభవించడానికి జైలుకు పంపవచ్చు. మన దగ్గర పెరోల్ కూడా అలా శిక్షను నిలిపివేయడమే. రెండు తెలుగు రాష్ట్రాల్లో దానికి ఆధారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1981లో చేసిన నిబంధనలు. ఆ ఉత్తర్వు కాగితం మీద ఉన్న ప్రతి వాక్యమూ షరతే. తేదీ ఒక్కటే చూసుకుంటే సరిపోదు.

గడువు దాటినవారిపై కస్టడీ నుంచి తప్పించుకున్నారని వేరే కేసు కూడా పెడతారు. అది భారతీయ న్యాయ సంహిత 262వ సెక్షన్, పాత ఐపీసీ 224. రెండేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఇక పూచీ ఇచ్చిన మీకు, మీ బావగారికి, రాసిచ్చిన సొమ్ము ఎందుకు కట్టకూడదో చెప్పమని నోటీసు వస్తుంది.

గుంటూరు మిరప:
అంత భయపెట్టనక్కరలేదు అనిపిస్తోంది. మా ఊళ్లో ఒకాయన ఒక రోజు ఆలస్యంగా వెళ్లినా ఏమీ కాలేదు. బస్సు దొరకలేదని చెప్పాడట, ఊరుకున్నారట.

రిటైర్డ్ డిప్యూటీ జైలర్:
గుంటూరు మిత్రమా, ఊరుకున్నారని ఆయన అనుకున్నారు. రికార్డులో ఏమి రాశారో ఆయన చూడలేదు. నా ఉద్యోగకాలమంతా ఆ కాగితాల మధ్యే గడిచింది కాబట్టి చెబుతున్నాను.

పెరోల్ మీద వెళ్లిన ఖైదీ సాయంత్రం లాకప్ వేళకు ముందే గేటు దగ్గర ఉండాలి. రాకపోతే ఆ సాయంత్రం లెక్కలో ఒక మనిషి తక్కువ వస్తాడు. సూపరింటెండెంటు ఆ సంగతిని పైఅధికారులకూ, అతని ఊరి పోలీస్ స్టేషన్‌కూ తెలియజేయక తప్పదు. కొంత ఆలస్యంగా తనంతట తానే వచ్చినవాడికీ, పట్టుబడి వచ్చినవాడికీ తేడా చూస్తాం. మొదటివాడి సంజాయిషీ వింటాం, ఆసుపత్రి కాగితాలు ఉంటే జత చేస్తాం. అయినా ఆలస్యం ఆలస్యంగానే నమోదవుతుంది. జైలు నేరంగా పరిగణిస్తే సంపాదించుకున్న రెమిషన్ రోజులు, అంటే శిక్షలో తగ్గే రోజులు, పోవచ్చు. నెలల తరబడి వంటశాలలో, మగ్గాల మీద పనిచేసి కూడబెట్టుకున్న రోజులవి. కలం పోటు ఒక్కటి చాలు. అవి పోయిన సంగతి విని గేటు దగ్గరే కూలబడినవాళ్లను చూశాను.

జీవిత ఖైదీకి అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. ముందస్తు విడుదలకు పేర్లు పంపేటప్పుడు ముందుగా తెరిచేది పెరోల్ చరిత్ర పుటే. "సకాలంలో తిరిగి వచ్చాడు" అని వరసగా ఉన్న పుట అతని తరఫున మాట్లాడుతుంది. మధ్యలో ఒక్క ఎర్రసిరా గీత ఉంటే, ఆ ఫైలును ముందుకు నెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

గోదావరి అక్క:
మరి మేము పొడిగింపు అడుగుతూ ఇప్పుడే దరఖాస్తు పెట్టుకుంటే, జవాబు వచ్చేదాకా తమ్ముడు ఇంట్లో ఉండవచ్చా?

ఓరుగల్లు వకీలు:
ఉండకూడదు. ఎక్కువ కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. దరఖాస్తు ఇచ్చినంత మాత్రాన గడువు పెరగదు, ఉత్తర్వు చేతికి వస్తేనే పెరుగుతుంది. రేపు ఉదయమే సూపరింటెండెంటు పేర దరఖాస్తు రాసి, చికిత్స చేస్తున్న డాక్టరు ధ్రువపత్రం, అడ్మిషన్ కాగితం జతచేసి, కాగితాలు తీసుకునే ఇన్‌వార్డ్ విభాగంలో ఇవ్వండి. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా అక్కడి నుంచి కదలకండి. అదే రోజు వకీలు ద్వారా హైకోర్టులో లంచ్ మోషన్, అంటే అత్యవసరంగా అదే రోజు వినమని కోరే పిటిషన్, వేయించే ప్రయత్నం చేయండి. మధ్యంతర ఉత్తర్వు వస్తే ఉండవచ్చు. రాకపోతే ఎల్లుండి సాయంత్రం తమ్ముడు గేటు దగ్గర ఉండాలి. సకాలంలో లోపలికి వెళ్లినవాడి తరఫున మళ్లీ పెరోల్ అడగడం నాకు తేలిక. బయట ఉండిపోయినవాడి తరఫున వాదించడానికి నా దగ్గర మాట ఉండదు.

తుంగభద్ర తీరం:
నేను అవతలి పక్షం మనిషిని. మా బాబాయిని చంపిన వ్యక్తి పెరోల్ మీద వచ్చాడు. మా ఊళ్లో అడుగుపెట్టరాదని షరతు. అయినా జాతరకు వచ్చి, మా ఇంటి ముందు నుంచి రెండుసార్లు మోటారు సైకిల్ మీద వెళ్లాడు. మా పిన్ని ఆ తర్వాత పొలానికి ఒంటరిగా వెళ్లలేదు. స్టేషన్‌లో మొదట పట్టించుకోలేదు. తేదీ, వేళ, చూసినవారి పేర్లు రాసి ఎస్పీ కార్యాలయానికి, జైలు సూపరింటెండెంటుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. పెరోల్ రద్దయింది. మీ తమ్ముడు అలాంటివాడు కాకపోవచ్చు అక్కా. కానీ అతను వేళకు వెనక్కి వెళ్తాడా లేదా అని రోజులు లెక్కపెట్టుకుంటున్న ఇల్లు ఇంకొకటి ఉంటుంది. దాన్ని కూడా తలచుకోండి.

గోదావరి అక్క:
తలచుకోని రోజు లేదండీ. ఆ ఇంటివాళ్లు మా పక్క ఊరివాళ్లే.

డాలస్ తెలుగు:
చదువుతున్నవారికి ఒక మాట. సినిమాల్లో చూసే అమెరికా పెరోల్ వేరు. అక్కడ శిక్షలో కొంత భాగం అయ్యాక మిగతా కాలం పర్యవేక్షణలో బయటే గడపడాన్ని పెరోల్ అంటారు. షరతు తప్పాడంటే జైలుకు పంపే ముందు విచారణ జరపాలని 1972లో మోరిసీ వర్సెస్ బ్రూవర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర కొద్ది రోజుల సెలవు లాంటిదే. ఆ పద్ధతులు ఇక్కడికి అన్వయించుకోవద్దు.

కడప శ్రీను:
పెరోల్ రోజులు శిక్షలో కలుస్తాయా?

ఓరుగల్లు వకీలు:
కలుస్తాయని ఆశపెట్టుకోకండి. గోవా నిబంధనల కింద వచ్చిన రోహన్ ధుంగట్ కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు, ముందస్తు విడుదలకు చూసే 14 ఏళ్ల వాస్తవ శిక్షలో పెరోల్ కాలాన్ని తీసివేయాలని తేల్చింది.

కొవిడ్ కాలంలో వదిలినవారి సంగతీ చాలామంది అడుగుతుంటారు. ఆ విడుదల తాత్కాలికమే. 15 రోజుల్లో లొంగిపోవాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇంకా ఎవరైనా బయట ఉంటే పోలీసులు వచ్చేదాకా ఆగకుండా వకీలును తీసుకుని వెళ్లి లొంగిపోవడం మేలు. పలుకుబడి ఉంటే నడుస్తుందనేవారికి, జెస్సికా లాల్ హత్య కేసులో శిక్షపడిన మను శర్మ ఉదంతం గుర్తుచేస్తాను. తల్లి అనారోగ్యం పేరుతో 2009లో పెరోల్ మీద వచ్చి ఢిల్లీ నైట్‌క్లబ్బులో కనబడ్డాడు. దేశమంతా గగ్గోలు పుట్టి, గడువుకు ముందే తిహార్‌కు తిరిగి వెళ్లవలసి వచ్చింది. నిజంగా తల్లి మంచం మీద ఉన్న మీలాంటివారి దరఖాస్తులనూ అధికారులు అనుమానంగా చూసేది ఇలాంటివారి వల్లే. అందుకు నాకు ఇప్పటికీ కోపం.

గోదావరి అక్క:
అందరికీ నమస్కారం. దరఖాస్తు ఇచ్చాం, ముద్ర వేయించుకున్నాం. హైకోర్టులో మా పిటిషన్ విచారణకు వచ్చేలోపు గడువు వచ్చేసింది. పెదనాన్నకు నరసింహ గారి మాటలు చదివి వినిపించాను. ఇంకేమీ అనకుండా ఆయనే ఆటో పిలిచారు. లాకప్ వేళకు చాలా ముందే తమ్ముణ్ణి గేటు దగ్గర దింపాం. పిటిషన్ అలాగే ఉంది, దాని మీదే మళ్లీ అడుగుతామని వకీలు గారు అన్నారు. అమ్మ వాడి గొంతు వినాలంటోంది. ఏమి చేయాలి?

రిటైర్డ్ డిప్యూటీ జైలర్:
మంచి పని చేశారమ్మా. జైల్లో ఖైదీలకు ఫోను సౌకర్యం ఉంది, కానీ ముందుగా నమోదు చేసిన నంబర్లకే కలుపుతారు. అమ్మ దగ్గర ఉండే ఫోను ఎవరి పేరున ఉందో చూసుకుని, ఆ నంబరు జాబితాలో లేకపోతే ఈ వారం ములాఖత్‌కు వెళ్లినప్పుడు గుర్తింపు కార్డు నకలుతో దరఖాస్తు ఇవ్వండి. మీ తమ్ముణ్ణి కూడా లోపలి నుంచి సూపరింటెండెంటుకు ఒక అర్జీ పెట్టుకోమనండి. డాక్టరు ధ్రువపత్రం నకలు ఒకటి దానికీ జతచేయించండి.