అప్‌డేట్: క్వారీ గుంతలోని గొడుగు పురుగులు ఏంటో తేలింది

హనుమకొండ దగ్గర పాత గ్రానైట్ క్వారీ గుంతలో రూపాయి బిళ్లంత పారదర్శకమైన గొడుగులు వందల్లో కనిపించి, కొన్ని వారాలకే మాయమయ్యాయని, ఏంటవి, బర్రెలు ఆ నీళ్లు తాగొచ్చా అని ఇక్కడే అడిగాను కదా. అందరికీ థ్యాంక్స్.

మంచినీటి జెల్లీఫిష్ అయి ఉండొచ్చు, అడుగు రాళ్లు మైక్రోస్కోప్ కింద చూపించమన్న సలహానే పనిచేసింది. జువాలజీ లెక్చరర్ ఒకరు చూసి క్రాస్పెడకస్టా సోవర్బీ అనే మంచినీటి జెల్లీఫిష్ అని చెప్పారు. గొడుగులు పోయినా జీవి పోలేదు! రాయికి అంటుకుని, టెంటకిల్స్ (తిండిని పట్టే తీగలు) కూడా లేని ఒక మిల్లీమీటరు పాలిప్‌లు, అంటే అదే జీవి కదలకుండా అంటుకుని బతికే రూపాలు, ఉన్నాయి. అవి ఆడ, మగ అవసరం లేకుండా మొగ్గలు తొడిగి పెరుగుతాయి, ముక్కలు విడిపోయి పాకి ఇంకోచోట కొత్త పాలిప్ అవుతాయి, నీళ్లు 25 డిగ్రీల దాకా వేడెక్కి తిండి దొరికితే పక్క నుంచి చిన్న గొడుగును మొగ్గలా వదులుతాయి. చలి లాంటి గడ్డు కాలంలో గట్టి పెంకు కట్టుకుని ఆగిపోతాయట, అదే నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించింది.

పాలిప్ పళ్లేల దొంతరలా విడిపోయి గొడుగులు పుడతాయని అప్పుడు ఒకరు చెప్పారు, కానీ అది మూన్ జెల్లీ అనే సముద్రపు జెల్లీఫిష్ పద్ధతి, దీనికి వర్తించదు. కప్ప గుడ్లు, నీళ్లలో కెమికల్ కలిసిందన్న అనుమానాలూ తేలిపోయాయి. దీని కుట్టే ముళ్లు సాధారణంగా మన చర్మంలోకి దిగవు, పశువులకూ భయం లేదన్నారు. క్వారీ లోతు మాత్రం ప్రమాదమే, పిల్లల్ని దింపకండి.