మక్కలో వేసిన గడ్డి మీద దున్నకుండా సోయా: మందు ఎప్పుడు, విత్తుడు ఎట్లా?

పెన్‌గంగ ఒడ్డు (కిన్వట్):
నల్లరేగడి. బోరు కింద యాసంగి మక్క, సాళ్ల మధ్య రూజీ గడ్డి (పశువుల మేత గడ్డి). మక్క ఏప్రిల్‌ల కోసినంక పశువులు మేస్తున్నయి. వానకాలం దున్నకుండా జేఎస్ 335 రకం సోయా వెయ్యాలె. గడ్డిని ఎన్ని రోజుల ముందు చంపాలె? ఎండిన గడ్డిలో గింజ మట్టికి అందుతదా? యూరియా పెంచాలెనా?

జైనథ్ రైతు:
అన్నా, అసలు పని గడ్డి చంపుడే. విత్తడానికి 20 రోజుల ముందే గడ్డి మందు పడాలె. గడ్డి పచ్చగున్నప్పుడే విత్తితే మొలక నీడకు సన్నగా సాగి పడిపోతది.

బ్రెజిల్‌లో ఎంబ్రాపా (అక్కడి సర్కారు వ్యవసాయ పరిశోధన సంస్థ) వాళ్లు శాంతా ఫే పద్ధతి అనేది మీరు చేసే ఇదే, మక్కలో గడ్డి పెంచుడు. అక్కడ తొలి వానలకు గడ్డి చిగురించినంక మందు కొట్టి సోయా వేస్తరు. మన దగ్గర అట్ల ఆగితే చిగురుకు 10–12 రోజులు, మందుకు 20 రోజులు పోయి జూలై మధ్యకు చేరుతం, సోయాకు ఆలస్యం. మే ఎండకు వాడిన గడ్డి మీద కొడితే మందు వేరుదాకా దిగదు. పైన ఎండినట్టే ఉంటది, వాన పడంగనే మళ్లీ లేస్తది.

మీకు బోరుంది కాబట్టి మే 10 లోపల ఒక తడి ఇచ్చి పశువులను ఆపండి. తడిసిన రేగడిని గిట్టలు తొక్కితే నేల గట్టిపడతది కూడా. చిగురు జానెడు ఎత్తు లేచినంక నెలాఖరుకు పొద్దున పూట గ్లైఫోసేట్ 41 శాతం, ఎకరానికి లీటరు పైచిలుకు. బురద నీళ్లు వాడొద్దు, మట్టి మందును పట్టేసుకుంటది. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లతోనే (లైసెన్సుతో మందు కొట్టేవాళ్లతోనే) కొట్టించాలని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, ముందుగాల వ్యవసాయ అధికారిని అడగండి.

రాజురా సోయా:
విత్తేటప్పుడు చెడేది ఇక్కడ. విత్తే డ్రిల్‌కు ముందు గడ్డిని కోసే డిస్కు మొద్దుగుంటే గడ్డి తెగక మడిచి గాడిలోకి పోతది. గింజ ఆ గడ్డి మీదనే ఉబ్బి కుళ్లుతది. పొద్దున తేమకు గడ్డి మెత్తగుంటది, పటపట విరిగేదాకా ఎండనిచ్చి విత్తండి. ఆ డిస్కు లేని గొర్రు రకం డ్రిల్ గడ్డిని ఈడ్చి కుప్పలు పెడతది.

75 మి.మీ. వాన పడ్డంక దిగండి, కానీ పదును ఎక్కువుంటే ఆగండి. గాడి గోడలు నున్నగ మెరిస్తే ఎండకు గాడి నోరు తెరిచి మొలక బయటపడతది. మట్టి ముద్దను వేలితో నొక్కితే విడిపోవాలె. లోతు 3–4 సెం.మీ., సాలు 45 సెం.మీ., ఎకరానికి 30 కిలోలు. ప్రతి సాలుకు ఒకచోట దిగి, గాడి తవ్వి గింజ చూడండి.

బేల:
యూరియా పెంచొద్దు. గడ్డి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలో నత్రజనిని పట్టుకునేది నిజమే, మక్కైతే పసుపు పడేది. సోయా వేరు బుడిపెలతో తన నత్రజని తనే తెచ్చుకుంటది, అందుకే ఈ గడ్డి మీద నాకు నచ్చే పంట ఇదే. ఎకరానికి యూరియా 20, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 150, పొటాష్ 27 కిలోలు చాలు. సూపర్‌తో గంధకం కూడా వస్తది. విత్తనానికి తెగులు మందు ముందు, రైజోబియం (వేరు బుడిపెలు కట్టించే సూక్ష్మజీవి) చివర పట్టించి నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలె.

లేచిన గడ్డి మొలకలకు 15–20 రోజులప్పుడు క్విజలోఫాప్ 5 శాతం గడ్డి మందు, ఎకరానికి 400 మి.లీ. గడ్డికి ఆకులు మూడు నాలుగు దాటినంక సరిగ్గ పనిచెయ్యదు.

పెన్‌గంగ ఒడ్డు:
ఒక మూలకు సూపర్ నేపియర్ మేత గడ్డి ఉంది. అది కూడా ఇట్లనే చస్తదా?

రాజురా సోయా:
ఒక్క మందుకు చావదు, దుబ్బు గట్టిది. డ్రిల్ దాని మీదికెక్కి గింజను పైననే పారేస్తది. ఆ మూల పశువులకే వదిలెయ్యండి.