ఆస్ట్రేలియా ఆదివాసుల చుక్కల బొమ్మ పిల్లలతో వేయించొచ్చా?

విశాఖ ఎంవీపీ కాలనీలో పిల్లలకు డ్రాయింగ్ చెబుతాను. మెల్‌బోర్న్ నుంచి మా అక్క కొడుకు ఒక తువ్వాలు తెచ్చాడు. అక్కడ మే 27 నుంచి జూన్ 3 వరకు ఆదివాసులతో సయోధ్య వారం జరుపుతారట, అప్పుడు కొన్నాడు. ఎర్రమట్టి రంగు మీద చుక్కలు, మధ్యలో వలయాలు, చుట్టూ గుర్రపు నాడాల్లాంటి గీతలు. పిల్లలు చూడగానే "ముగ్గు టీచర్!" అన్నారు. పోటీకి ఇదే వేయిద్దామా?

జవాబు 1: ముగ్గు కాదండీ, దాదాపు మ్యాప్. వలయం చాలాసార్లు నీటి చెలమ, లేదా మకాం. నాడా అంటే కూర్చున్న మనిషి, ఇసుకలో పడే అచ్చు. 1971లో మధ్య ఆస్ట్రేలియాలోని పపున్యా అనే ఊళ్లో ఈ గుర్తులు బోర్డుల మీదికెక్కాయి కానీ, అంతకుముందు నేల మీద, ఒంటి మీద వేసుకున్నవే. ఏ కథ ఎవరు వేయాలో వాళ్లలో హక్కులుంటాయి. కాపీ వద్దు.

జవాబు 2: బాక్సైట్ గొడవ మన ఏజెన్సీ వాళ్లకు కొత్త కాదు కదా! 1963లో ఉత్తర ఆస్ట్రేలియాలోని యిర్‌కాలా ఊళ్లో యోల్ఙు అనే ఆదివాసులు, తమ నేలను బాక్సైట్ గనికి ఇవ్వొద్దని పార్లమెంటుకు అర్జీ పెట్టారు. టైపు చేసిన కాగితాన్ని చెట్టు బెరడుకు అంటించి, చుట్టూ తమ వంశాల బొమ్మలు వేశారు. అంటే బొమ్మే పట్టా. గని ఆగలేదు, 1971లో కోర్టులోనూ ఓడారు. 1976లో గానీ భూమి హక్కుల చట్టం రాలేదు.

అడిగినవారు: బెరడు సంగతి తెలియదండీ, థాంక్స్. తువ్వాలు గోడకే ఉంచుతాను. పిల్లలతో లాసన్స్ బే నుంచి వాళ్లింటికి దారి గీయిస్తా, గుర్తులు వాళ్లవే. ఒకడు అప్పుడే బజ్జీల బండికి మూడు చుక్కలు పెట్టాడు.